ఎర్ర తువాలు గల వృద్ధురాలు

గోదావరిని సముద్రం దాకా నడిపిస్తూ, ఆ దారి పక్కన మా ఊరికి కూడా కాస్త చోటిచ్చిన దేవునికి స్తోత్రం. వరద వచ్చినప్పుడు మమ్మల్ని గట్టు ఎక్కించి, వరద తీసినప్పుడు పొలాల్లో ఒండ్రు మిగిల్చిన ఆయనకు స్తోత్రం. ఇప్పుడు నేను రాయబోయే మనిషిని మా సంఘంలోనే పెట్టినందుకు, ఆవిడతో వేగే ఓపికను మాకిచ్చినందుకు మరీ మరీ స్తోత్రం.

మొన్న వేసవిలో ఆవిడ ప్రభువు దగ్గరకు వెళ్ళిపోయారు. సమాధుల తోటకు తీసుకెళ్ళే ముందు పెట్టెను చర్చిలో ఉంచి అందరం చుట్టూ కూర్చున్నాం. పొరుగూరి నుంచి ఒక పాస్టరుగారిని పిలిచారు. ఆయనకు ఆవిడ సంగతి బొత్తిగా తెలియదు. కళ్ళు మూసుకుని, చేతులు చాచి, గొంతు వణికిస్తూ ప్రార్థన మొదలుపెట్టారు.

"ప్రభువా, తన జీవితకాలంలో ఎవరినీ ఒక్క మాటతోనైనా నొప్పించని ఈ తల్లిని..."

అని, ఆమెన్ కోసం ఆగారు.

ఎవరూ అనలేదు. ఫ్యాను తిరిగే చప్పుడు వినిపించింది. ఆయన ఒక కన్ను తెరిచి చూశారు. మా కుట్టుమిషను వదినగారు చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వంగిపోయింది. ఆమె భుజాలు కదలడం చూసి పాపం ఆయన ఏడుస్తోందనుకున్నారు. ఆ పక్కావిడకు అంటుకుంది, ఆ వెనక బెంచీకి పాకింది, కాసేపటికి సంఘమంతా పెట్టె చుట్టూ కూర్చుని కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. మా పాస్టరుగారి భార్య, మేము పాస్టరు అమ్మగారు అనే ఆవిడే లేచి, "అయ్యగారూ, ఆ మాట వదిలేసి తర్వాతది చెప్పండి. ఆవిడ ఉండి ఉంటే మిమ్మల్ని అక్కడే ఆపేసేవారు," అని సర్దిచెప్పారు.

నిజమే, ఆపేసేవారు. ప్రార్థనను మధ్యలో ఆపిన మనిషిని నేను ఆవిడ తప్ప ఇంకెవరినీ చూడలేదు.

మేమంతా పెద్దమ్మగారు అనేవాళ్ళం. ఒకప్పుడు ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా చేశారు. తలనూనె సీసా ఎవరు తీశారో, గోడ మీద బొమ్మ ఎవరు గీశారో కనిపెట్టడంలో ఆ వయసంతా గడిచింది. రిటైరైనా ఆ అలవాటు రిటైరు కాలేదు. మనిషి పొట్టి. మోకాళ్ళు సహకరించేవి కావు. చేతిలో ఎప్పుడూ ఒక నల్ల గొడుగు, వానకూ ఎండకూ కాదు, మనుషుల్ని పొడవడానికి. గొంతు మాత్రం ఆ శరీరంలోంచి వచ్చిందంటే నమ్మబుద్ధేసేది కాదు. ఆవిడ ఆమెన్ అంటే ఒళ్ళో నిద్రపోతున్న పిల్లలు ఉలిక్కిపడి లేచేవారు. మైకు వాడు ముందే సౌండు తగ్గించుకునేవాడు.

ఆ ఆమెన్‌లో రకాలుండేవి. వాక్యానికి సరిపోయే ప్రార్థనకు నిండు ఆమెన్. కాస్త గొప్పలు కలిసిన ప్రార్థనకు గొంతులోనే "మ్‌మ్". తనకు తెలియని సంగతి ఎవరైనా దేవునికి చెబుతుంటే మాత్రం మౌనం. ఆ మౌనం వినిపించేది. ప్రార్థించేవాళ్ళకు చెమట పట్టేది.

మౌనం సరిపోదనుకుంటే నోరు విప్పేవారు. ఒకసారి గురువారం స్త్రీల ప్రార్థన కూటంలో ఒక సోదరి, "ప్రభువా, మా తోడికోడలి కడుపులో పెరుగుతున్న ఆ గడ్డను..." అంటోంది.

"డాక్టరు చెప్పాడా, నువ్వు చెబుతున్నావా?" అన్నారు పెద్దమ్మగారు.

ఆ సోదరి కళ్ళు తెరవకుండానే, "డాక్టరు దగ్గరికి ఇంకా వెళ్ళలేదండి," అంది.

"అయితే కడుపునొప్పి అని చెప్పు. గడ్డో కాదో ఆయన చూసుకుంటాడు."

"ప్రభువా, మా తోడికోడలి కడుపునొప్పిని..."

"ఆమెన్!"

పిల్లలు లేచారు.

బయటికొచ్చాక పాస్టరు అమ్మగారు మెత్తగా మందలించబోయారు. "పెద్దమ్మగారూ, ప్రార్థనలో అలా అడ్డు రాకూడదేమోనండి."

"అడ్డు రాక? మనం బజార్లో ఒక మాటంటే వినేవాడు కాదని తిరగబడతాడు. ప్రార్థనలో అంటే అందరం కళ్ళు మూసుకుని ఆమెన్ అంటాం. కాదనేవాడుండడు. అందుకే మీ కూటంలో పుకారుకు ఇంత సుఖం. పరలోకానికి పుకార్లు పంపకండర్రా!" అని గొడుగు నేలకు కొట్టి వెళ్ళిపోయారు.

అది మాకు అప్పుడు నవ్వులాట. కొన్నాళ్ళకు అదే మా ఊళ్ళో ఒక మనిషి బతుకు మీదికొచ్చింది.

వీధికొక ఇంటర్నెట్ సెంటరు వెలిసిన రోజులవి. మా తమ్ముడు కూడా బస్టాండు దగ్గర ఒకటి పెట్టాడు. మధ్యాహ్నాలు వాడు భోజనానికెళ్తే నేను కూర్చునేదాన్ని. సంఘానికి వచ్చే ఈమెయిళ్ళు ప్రింటు తీసి పాస్టరుగారికి ఇవ్వడం కూడా నా పనే.

ఆ వేసవిలో మా ఊరి కొబ్బరికాయల వ్యాపారి ఒకాయన చనిపోయాడు. సాయంత్రం పూట రేవులో పడవెక్కి అవతలి ఒడ్డుకు వెళ్ళాడు. అవతల బస్సు పట్టుకుని తణుకు వెళ్ళాల్సిన మనిషి. వెళ్ళలేదు. తర్వాత కింది రేవు దగ్గర రెల్లుగడ్డిలో శవమై కనిపించాడు. తలకు దెబ్బ ఉందన్నారు. ఎవరైనా కొట్టారో, కాలు జారి పడ్డాడో పోలీసులు తేల్చలేదు. అనుమానాస్పదం అని రాసుకున్నారు. పడవ నడిపే అతన్ని పిలిచి అడిగారు. అతను రేవు పక్క పేటలో ఉండే చేపలు పట్టేవాళ్ళ కుటుంబంవాడు. "అవతల దింపానండి, గట్టెక్కి వెళ్ళిపోయారండి," అన్నాడు. వాళ్ళు పంపేశారు. ఎవరికైనా తెలిసింది అంతే.

ఊరికి అంతేతో సరిపడదు కదా. మా ఊరివాళ్ళు కువైట్‌లో, మస్కట్‌లో, హైదరాబాదులో చాలామంది ఉన్నారు. వాళ్ళంతా కలిసి ఇంటర్నెట్టులో ఊరి పేరుతో ఒక కమ్యూనిటీ నడిపేవారు. అప్పటిదాకా అందులో మామిడికాయల ఫొటోలు, ఎవరి సినిమా గొప్పదనే తగాదాలు ఉండేవి. ఈ చావు తర్వాత అందరూ డిటెక్టివులైపోయారు. తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, చివర ప్రశ్నార్థకాలు బారులు తీర్చేవారు. మొదట పదిమంది మీద అనుమానం, తర్వాత నెమ్మదిగా ఒక్కడి మీద: పడవవాడు.

పెద్దమ్మగారు మోకాళ్ళు వాచి కొన్ని వారాలు కూటానికి రాలేదు. ఆ మొదటి వారమే మా కుట్టుమిషను వదినగారు ప్రార్థనలో ఒక మాట అంది. ఆవిడ మంచి మనిషి. ఎవరింట్లో జ్వరమన్నా జావ పట్టుకుని ముందు ఉంటుంది. కాకపోతే ప్రార్థనలోకి దిగితే ఆవిడకు గోదావరికి దిగినట్టే, ఒడ్డు కనబడదు.

"ప్రభువా, ఆ వ్యాపారి కుటుంబాన్ని ఆదరించు. ఆ పడవ మీద ఆరేసిన ఎర్ర తువాలు సంగతి నువ్వెరుగుదువు ప్రభువా!"

అందరూ ఆమెన్ అన్నారు. నేను పిల్లలకు పాట నేర్పుతూ పక్క గదిలో ఉన్నాను. ఆ ఆమెన్ నాకు వినబడింది. దేనికో తెలియలేదు.

వదినగారి చెల్లెలు కువైట్‌లో పని చేస్తుంది. ఫోనులో ఈ మాట ఆవిడకు చేరింది. అక్కడ మనవాళ్ళు శుక్రవారం కూడుకుంటారు. ఆ శుక్రవారం వాళ్ళ సహవాసంలో ఆ తువాలు గురించి మళ్ళీ ప్రార్థన జరిగింది. అక్కడి ఒక సోదరుడు అది కమ్యూనిటీలో రాశాడు: పడవలో నెత్తుటి తువాలు దొరికింది, మన ఊరి సంఘం పెద్దలే చెప్పారు. దాని కింద వందనాలు, శాపనార్థాలు, పడవవాణ్ణి ఏం చెయ్యాలో సలహాలు. మళ్ళీ అదే సంగతి కువైట్ సహవాసం నుంచి ప్రార్థనాంశంగా మా సంఘానికి ఈమెయిలు వచ్చింది. దాన్ని చదివి మావాళ్ళు ముక్కు మీద వేలేసుకున్నారు. "చూశారా, కువైట్ దాకా తెలిసిపోయిందంటే నిజమే!"

మన ఇంట్లో వండి పక్కింటికి పంపిన కూర మళ్ళీ మన ఇంటికే వస్తే, పక్కింటావిడ ఎంత బాగా వండిందో అనుకున్నట్టుంది మా పని.

రేవు ఖాళీ అయిపోయింది. జనం బస్సెక్కి వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళడం మొదలుపెట్టారు. అతని భార్య చేపల బుట్టతో వీధిలోకి వస్తే తలుపులు తెరుచుకునేవి కావు. సాయంత్రానికి ఆ బుట్ట నిండుగానే వెనక్కి పోయేది. రేవులో పడవ నడిపే హక్కుకు పంచాయతీ వేసే వేలంపాట దగ్గర పడుతోంది. ఈసారి పాటలో అతన్ని నిలబడనివ్వం అని పంచాయతీ మెట్ల మీద మాట్లాడుకుంటున్నారు. తాత నుంచి ఆ రేవులో పడవ నడుపుతున్న కుటుంబం. రేవు పోతే ఆ ఊళ్ళో వాళ్ళకిక నిలవనీడ లేదు.

పెద్దమ్మగారి మోకాళ్ళు తగ్గాయి. ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరో ఆవిడకు తువాలు కథ చెప్పారు. మరునాడు మిట్టమధ్యాహ్నం గొడుగు వేసుకుని ఇంటర్నెట్ సెంటరులోకి వచ్చేశారు.

"అమ్మాయ్, ఆ కమ్యూనిటీయో ఏదో, అది తియ్యి."

"అది మీకెందుకండి పెద్దమ్మగారూ? అన్నీ పిచ్చిరాతలండి."

"పిచ్చివాళ్ళ వార్డెనుగా కూడా చేస్తానే. తియ్యి."

తీశాను. కుర్చీ జరిపి పక్కన కూర్చున్నారు. ఆవిడకు వినబడాలంటే గట్టిగా చదవాలి, గట్టిగా చదివితే సెంటరంతా వింటుంది. మిగతా కంప్యూటర్ల ముందున్నవాళ్ళు తమ పని మానేసి ఇటు తిరిగారు.

"కోనసీమ కింగ్ అని ఒకాయన రాశారండి..."

"ఎవరబ్బాయి?"

"తెలీదండి. పేరు అంతే పెట్టుకున్నారు."

"కింగ్ ఏంటే? ఇంటిపేరు లేదా? సంఘంలో సాక్ష్యం చెప్పాలంటే లేచి నించోవాలి, పేరు చెప్పాలి, ఎవరి బిడ్డో చెప్పాలి. వీడు తెరచాటున కూర్చుని సాక్ష్యమేంటి? సరే, ఏమంటాడు రాజుగారు?"

"పడవలో నెత్తుటి తువాలు దొరికిందంటున్నారండి. ఎర్ర తువాలట. పడవ మీద ఆరేసి ఉండగా చూసినవాళ్ళున్నారట."

పెద్దమ్మగారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఎర్ర తువాలా? గళ్ళదా?"

"గళ్ళ సంగతి రాయలేదండి."

"అది నాదే!" అని గొడుగుతో బల్లను కొట్టారు. మౌసు కిందపడింది. "నాదే ఆ తువాలు! అవతలి ఒడ్డున మా చెల్లెలింటి నుంచి పనసకాయ తెచ్చుకున్నాను. మోయలేక తువాల్లో మూట కట్టాను. పనసజిగురు అంటుకుంది. పడవ దిగేటప్పుడు ఆ అబ్బాయికిచ్చి, నూనె రాసి ఉతికి ఆరేసి ఉంచరా, మళ్ళీ వచ్చినప్పుడు తీసుకుంటానన్నాను. ఆ వ్యాపారి పోకముందు మాట అది. ఇన్నాళ్ళ నుంచీ నా తువాలు ఏమైందా అని చూస్తుంటే, అది కువైట్ వెళ్ళొచ్చిందా!"

సెంటరంతా గొల్లుమంది.

"రాయవే," అన్నారు. "నేను చెబుతాను, నువ్వు రాయి. ప్రభువు నామంలో అందరికీ వందనాలు. కూర్చోండి."

"కూర్చోండి అని కూడా రాయాలాండి?"

"రాయి. నించుని వింటే తొందరపడతారు."

రాశాను. తర్వాత తన పూర్తి పేరు, తండ్రి పేరు, ఏ వీధో, ఏ సంఘమో, ఏ హాస్టల్లో పని చేశారో అన్నీ రాయించారు. ఇది ఇంటర్నెట్టండి, అడ్రసు పెట్టకూడదండి అంటే వినలేదు. "దాక్కోవడానికి నేనేమైనా కింగునా?" అన్నారు. ఆ తర్వాత: ఆ తువాలు నాది. అది కొన్నప్పుడే ఎర్రది. దానికంటింది పనసజిగురు. వ్యాపారి ఎలా పోయాడో నాకు తెలియదు. మీకూ తెలియదు. చూసినవాళ్ళెవరైనా ఉంటే పేరు చెప్పి పోలీసుల దగ్గరికి వెళ్ళండి. చూడనివాళ్ళు ఆ పడవ నడిపే అబ్బాయిని వదిలిపెట్టండి.

చివర "ఇట్లు, ప్రభువునందు మీ పెద్దమ్మ" అని రాయించి, "ఇప్పుడు కువైట్‌లో కూర్చున్నవాళ్ళకి ఇది కనబడుతుందా?" అని అడిగి, కనబడుతుందంటే కంప్యూటరు తెరకు చెయ్యి ఊపి వెళ్ళారు.

రెండు రోజులకు మళ్ళీ వచ్చారు. జవాబులు చదవమన్నారు. నేను మౌసు అటూ ఇటూ కదుపుతూ కూర్చున్నాను.

"చదువు, ఏం పర్లేదు."

"మీరు... మీరు లేరంటున్నారండి. ఎవరో దొంగపేరుతో రాశారంటున్నారు."

"లేనా! ఇంకా?"

"పడవవాడి మనిషి అంటున్నారండి. పనసకాయ అంటే నిజంగా పనసకాయ కాదట. అదేదో గుర్తు మాటట. ఆ మూటలో ఉన్నది వేరే అట..."

"ఏముందట?"

"నిజం నిప్పు అని ఒకాయన రాశారండి. ఆ ముసలావిడ కాళ్ళు పట్టుకుంటే, పడవవాడు నీళ్ళలో ముంచాడని."

పెద్దమ్మగారు ముందు నా మొహం చూశారు. తర్వాత తన చేతుల వంక చూసుకున్నారు. తర్వాత మొదలైంది ఆ నవ్వు. బల్ల పట్టుకున్నారు, కుర్చీ పట్టుకున్నారు, చివరికి నా భుజం పట్టుకున్నారు.

"నేను... నేను కాళ్ళు పట్టుకున్నానా! వంగి నా చెప్పులు నేను తొడుక్కోలేనే! పోలీసులకి చెప్పండర్రా, ముందు నా మోకాళ్ళు బాగుచేసి తర్వాత అరెస్టు చెయ్యమనండి!"

నేనూ నవ్వాను. మా తమ్ముడు అన్నం చేత్తోనే పరుగెత్తుకొచ్చి వాడూ నవ్వాడు. ఆ పేజీ ప్రింటు తీసివ్వమన్నారు. మడిచి సంచిలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి చూపించారు. "నేను హంతకురాలినమ్మా, కాస్త మజ్జిగ ఇయ్యి," అంటూ వాకిట్లో కూర్చునేవారట. కిరాణా కొట్టు దగ్గర వరసలో ఎవరో ముందుకు తోసుకొస్తే, "నా సంగతి తెలుసుగా, కాళ్ళు పట్టుకుంటాను," అన్నారట. ఊరంతా ఒకటే నవ్వు.

కానీ రేవు రేవులాగే ఖాళీగా ఉంది. ఆవిడ మీద రాసింది చదివి నవ్వినవాళ్ళే మళ్ళీ బస్సెక్కి వంతెన మీదుగా వెళ్తున్నారు.

ఒకరోజు ఆవిడ సెంటరు మెట్ల మీద కూర్చుని, "ఈ నవ్వు నాకొక్కదానికే పనికొచ్చిందే," అన్నారు. "నన్నంటే నవ్వారు. అతన్నంటే నమ్మారు. పాట ఎల్లుండట."

మరునాడు సంఘంలో ఉపవాస ప్రార్థన. కువైట్ నుంచి కొత్త ప్రార్థనాంశాలు వచ్చాయి. నేను ప్రింటు తీసి కవరులో పెట్టి పాస్టరుగారింట్లో ఇచ్చేశాను. పాస్టరు అమ్మగారికి ఒక అలవాటు ఉంది. ప్రార్థనాంశాలు ముందుగా చదివిపెట్టుకోరు. కాగితం చేత పట్టుకుని, చదువుతూనే ప్రార్థిస్తారు. దేవునికి కొత్తగా చెప్పినట్టుంటుందని ఆవిడ అభిప్రాయం.

అందరం చాపల మీద మోకరించాం. పెద్దమ్మగారు మోకరించలేరు కనక వెనక కుర్చీలో ఉన్నారు. పాస్టరు అమ్మగారు మొదలుపెట్టారు. కువైట్‌లో వీసా అయిపోయిన సోదరి కోసం. ఆమెన్. రాజమండ్రి ఆస్పత్రిలో ఉన్న పసిబిడ్డ కోసం. ఆమెన్. వెనక నుంచి నిండు ఆమెన్.

"నరహత్య చేసిన ఆ పడవ నడిపేవానికి మారుమనస్సు దయచేయుము ప్రభువా!"

"ఆమెన్!" అన్నారు అందరూ. వెనక నుంచి ఏమీ లేదు.

"వానికి సహకరించిన... ఎర్ర తువాలు గల ఆ... ఆ వృద్ధురాలికి కూడా..."

అమ్మగారి గొంతు అక్కడ ఆగిపోయింది. ఎవరం కళ్ళు తెరవలేదు. తెరిస్తే ఒకరి మొహం ఒకరు చూడాలి.

"ఆమెన్!!"

చర్చి రేకులు అదిరాయి. చంకబిడ్డలు ఒక్కసారిగా గుక్కపెట్టారు. అది పెద్దమ్మగారు. ఒక్కరే.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ తర్వాత ఎవరి వల్లా కాలేదు. ఉపవాసంతో ఉన్న కడుపులు పట్టుకుని చాపల మీద దొర్లాం. పాస్టరు అమ్మగారు కాగితం మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఆత్మ దిగినప్పుడు కూడా మా సంఘం అంతగా ఊగలేదు.

నవ్వులు తగ్గేదాకా పెద్దమ్మగారు ఆగారు. అప్పుడు మామూలు గొంతుతో అడిగారు.

"అతని మీద మాటకు అందరూ ఆమెన్ అన్నారు. నా మీద మాటకు ఎందుకు అనలేదర్రా?"

"మీరు చెయ్యలేదని మాకు తెలుసు కదండి," అంది ఒకావిడ.

"అతను చేశాడని తెలుసా?"

ఆవిడ చాప అంచు లాగడం మొదలుపెట్టింది.

"రెండూ ఒకే కాగితంలో ఉన్నాయి కదా. రాసిన చెయ్యి ఒకటే కదా. కింద మాట అబద్ధమైతే పైమాట ఎందుకు నిజమవ్వాలి? అబద్ధ సాక్ష్యం పలకొద్దన్న తొమ్మిదో ఆజ్ఞ బజారులో ఒకటి, మందిరంలో ఒకటి ఉందా?"

కుట్టుమిషను వదినగారు లేచి నిలబడింది. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. అవి నవ్వువో ఏడుపువో ఆవిడకే తెలియదు.

"నేను... నేను తువాలు ఆరేసి ఉండటం చూశానండి. అంతేనండి నేను చూసింది."

"అంతే చెప్పమ్మా మరి. అంతే చాలు. ప్రభువుకి మిగతాది తెలుసు."

వదినగారు మోకరించి, "ప్రభువా, నేను ఒక తువాలు చూశాను. అంతే," అని ప్రార్థించింది. మా సంఘంలో అంత చిన్న ప్రార్థన ఆవిడ అంతకుముందు చెయ్యలేదు, ఆ తర్వాతా చెయ్యలేదు. దానికి అందరం ఆమెన్ అన్నాం.

ఉపవాసం విడిచి టీ తాగాక పెద్దమ్మగారు గొడుగు తీశారు. "పదండి, రేవుకి."

తెల్లచీరల్లో, నీరసపు కాళ్ళతో, స్త్రీల కూటమంతా బజారు మధ్యలోంచి పాట పాడుకుంటూ నడిచింది. పంచాయతీ మెట్ల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. రేవులో పడవ ఒడ్డుకు కట్టేసి ఉంది. అతను గడ్డం మీద చెయ్యి పెట్టుకుని అందులో కూర్చున్నాడు. ఇంతమంది ఆడవాళ్ళు దిగి రావడం చూసి ముందు కొట్టడానికొచ్చారనుకున్నాడేమో, లేచి గడ చేత పట్టుకున్నాడు.

"దింపు దాన్ని. మేమంతా ఎక్కాలి," అన్నారు పెద్దమ్మగారు.

"ఎక్కడికండి?"

"అవతలికి."

"అవతల ఏముందండి ఈ టైములో?"

"ఏమీ లేదు. మళ్ళీ ఇవతలికి రావాలి."

"ఇవతలే ఉన్నారు కదండి!"

"ఒరేయ్, పడవవాడివి నువ్వా నేనా? ఎక్కించుకోరా!"

"ఆయ్," అన్నాడు.

ఎక్కాం. ఒకవైపే కూర్చుంటే పడవ ఒరిగింది. అందరం కేకలు పెట్టాం. అతను "అటు జరగండి, అమ్మగారు ఇటు రండి, మీరు కదలకండి, మీరే బరువు," అని విసుక్కున్నాడు. మమ్మల్ని చూసి కరిగిపోలేదు, కృతజ్ఞతలు చెప్పలేదు, నవ్వలేదు. నది మధ్యలో పెద్దమ్మగారు అడిగారు.

"నా తువాలేదిరా?"

అతను ఇంజను పక్క నుంచి ఒక నల్లటి గుడ్డ తీసి చూపించాడు. ఎర్రదనం ఒక మూలనే మిగిలింది. "మీరు రాలేదు కదండి. ఇంజను తుడిచానండి. ఆయ్."

"నేను కువైట్ నుంచి హైదరాబాదు దాకా చెప్పుకున్న తువాలురా అది!"

"ఉతికిస్తానండి."

"వద్దులే. నువ్వే ఉంచుకో. నాకిక దాంతో పరువు లేదు."

అప్పుడు అతను నవ్వాడు. మొహం అవతలికి తిప్పుకుని, భుజాలు కదిలేలా. అటు తిరిగే చాలాసేపు ఉండిపోయాడు. ఇంజను చప్పుడులో నవ్వొకటే ఉందో, ఇంకేమైనా ఉందో మాకు తెలియలేదు. మేమూ అడగలేదు.

మేము వెళ్ళి రావడం ఒడ్డు మీద ఊరంతా నిలబడి చూసింది. మరునాడు పాటలో అతన్ని ఎవరూ కాదనలేదు. రేవు అతనికే వచ్చింది. వదినగారు కువైట్‌కు ఫోను చేసి చెల్లెలికి చెప్పింది, చెల్లెలు శుక్రవారం సహవాసంలో చెప్పింది, ఆ సోదరుడు కమ్యూనిటీలో తప్పయిందని రాశాడు. దాని కింద నిజం నిప్పుగారు, సంఘంవాళ్ళను కొనేశారని రాశాడు. ఆ తర్వాత క్రికెట్టు మొదలైంది. అందరూ అటు వెళ్ళిపోయారు.

ఇక్కడితో ఆపితే నాకు సుఖంగా ఉండేది. కానీ ఇంకొక రోజుంది.

ఆ వర్షాకాలంలో పెద్దమ్మగారు నన్ను వెంటబెట్టుకుని వ్యాపారి భార్య దగ్గరికి వెళ్ళారు. వాళ్ళు మా సంఘంవాళ్ళు కాదు. ఆవిడ వసారాలో కూర్చుని పీచు తీయని కాయలు వేరు చేస్తోంది. మాకు పీటలు వేసింది. మళ్ళీ కాయల పనిలో పడింది. చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి. చివరికి ఆవిడే అడిగింది.

"మీకేమైనా తెలుసాండి?"

"తెలీదమ్మా," అన్నారు పెద్దమ్మగారు.

ఆవిడ చేతిలో కాయ కింద పెట్టింది. "ఇంటికొచ్చినవాళ్ళందరికీ ఏదో ఒకటి తెలుసండి. ఒక్కొక్కరికి ఒక్కోటి. తెలీదన్నది మీరొక్కరే," అని, పెద్దమ్మగారి ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. గొడుగుతో పొడిచే ఆ చెయ్యి ఆవిడ జుట్టు మీద కదులుతూ ఉంది. నేను చూసినన్ని రోజుల్లో పెద్దమ్మగారు అంతసేపు మాట్లాడకుండా ఉన్నది అప్పుడే.

ఆ మనిషి ఎలా పోయాడో ఇవాళ్టికీ ఎవరికీ తెలియదు. అతని భార్య ఇంకా ఆ వసారాలోనే కాయలు వేరు చేస్తోంది. ఎవరు తలుపు తట్టినా ముందు మొహంలోకి చూస్తుంది.

ఇది చదువుతున్న మీరు ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని ఆవిడ కోసం నాతో కలిసి ప్రార్థించండి. ఎవరి పేరూ కలపకండి. తెలిసినంతే అడుగుదాం.

ప్రభువా, ఒక స్త్రీ తన భర్త ఎలా చనిపోయాడో తెలియక కూర్చుని ఉంది. మాకు తెలియదు. ఆవిడ దగ్గర ఉండు.